ఒకే కుర్చీకి ముగ్గురు అమ్మమ్మలు

మా అమ్మమ్మ మడతపెట్టిన దుప్పటి మీద పడుకున్నవాడికి పీడకల రాదు. ఒకవేళ వచ్చినా స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తలుపు తట్టి మరీ వస్తుంది. రేపు చంద్రుడి మీద ఎవరైనా హోటల్ కడితే, అక్కడి పక్కగుడ్డలు చూసుకోవడానికి మొదటి కబురు వచ్చేది ఆవిడకే. గాలి లేనిచోట ఉతికిన బట్టలు ఎలా ఆరుతాయని చదువుకున్నవాళ్లంతా తలలు పట్టుకుని కూర్చుంటారు. మా అమ్మమ్మ ఒక్కసారి కళ్లెర్రజేస్తే చాలు, భయంతో అవే ఆరుతాయి.

అలాంటి మనిషికి ఉద్యోగం పోయింది.

ఆవిడ తప్పేం లేదు. ఆవిడ పనిచేసే పాత హోటల్‌ని ఎవరో కొనుక్కుని గదులన్నీ ఆఫీసులుగా మార్చేస్తామన్నారు. ఆఫీసుల్లో మంచాలుండవు. మంచాలు లేనిచోట దుప్పట్లుండవు. దుప్పట్లు లేనిచోట మా అమ్మమ్మతో పనుండదు. ఆ హోటల్ కింద నేలమాళిగలో లాండ్రీ గది ఉండేది. ఒకవైపు ఉతికే యంత్రాలు హోరెత్తిస్తుంటే ఇంకోవైపు ఇస్త్రీ రోలరు తడి దుప్పట్లని మింగి అట్టముక్కల్లా బయటికి కక్కేది. తువ్వాళ్లు లెక్కపెట్టే పిల్లగా ఆ ఆవిరిలోకి దిగిన మనిషి చివరికి ఆ గదికంతటికీ పెద్దదిక్కయి కూర్చుంది. అక్కడివాళ్లు ఆవిడని మడతల మేడం అనేవాళ్లు. అది ఎదురుగా. వెనకాల ఏమనేవాళ్లో ఆవిడకీ తెలుసు, తెలియనట్టుండేది.

ఇంటికొచ్చి కూర్చున్నాక ఆవిడ చేతులకి పిచ్చెక్కింది. బీరువాలో ఉన్నవన్నీ మడతపెట్టేసింది. తర్వాత విప్పి మళ్లీ మడతపెట్టింది. మా తాతయ్య బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి, ఆయనకి పొద్దున పేపరు చదవడం తప్ప వేరే వ్యసనం లేదు. ఆయన మొదటి పేజీ తిప్పేలోపే ఆ పేపరు నాలుగు మడతలై పక్కన చేరేది.

"నన్ను కూడా మడతపెట్టి అరలో పెట్టేయవే, ఒక పనైపోతుంది," అన్నాడు తాతయ్య.

"మీకు ముడతలెక్కువ. రోలరు లేనిదే కుదరదు," అంది అమ్మమ్మ.

ఇదంతా చూసి మా అమ్మ రంగంలోకి దిగింది. "ఇంక చాలమ్మా, మా ఇంటికొచ్చేయండి ఇద్దరూ. వెనక గది ఖాళీ చేయిస్తాను. హాయిగా కూర్చుని తిను," అంది. అమ్మమ్మకి తినడమంటే భయం లేదు. కూర్చోవడమంటేనే భయం. కన్నకూతురి మాట కాదనలేక నెలాఖరుదాకా గడువడిగింది. ఈలోపు పని దొరికిందా సరే. దొరకలేదా, పెట్టే బేడా సర్దుకుని వచ్చి వెనక గదిలో కూర్చుంటానని మాటిచ్చేసింది. మా అమ్మ ఆ సాయంత్రమే గదికి రంగు వేయించడం మొదలుపెట్టింది.

వంతెన పక్కన అద్దాల గోడలతో ఒక కొత్త హోటల్ లేస్తోంది. అమ్మమ్మ చిన్నప్పుడు పని అడగడమంటే వెనక గుమ్మంలోంచి వెళ్లి, కనపడ్డ మొదటి పెద్దమనిషిని పట్టుకోవడం. ఇప్పుడూ అలాగే వెళ్లింది. కనపడ్డ మొదటి పెద్దమనిషి వాచ్‌మన్.

"ఇక్కడ ఎవర్నీ నేరుగా తీసుకోరమ్మా. ఏజెన్సీ వాళ్లు పంపాలి," అన్నాడతను. "రిక్రూటర్లని ఉంటారు. వాళ్లే మనుషుల్ని ఏరి పంపుతారు. లాండ్రీ హెడ్ కావాలని నిన్ననే వాళ్లందరికీ చెప్పారంట."

అమ్మమ్మ ఇంటికొచ్చి ఈ మాట చెప్తే తాతయ్య తేల్చేశాడు. "అంటే ఇళ్ల బ్రోకరులాంటివాళ్లన్నమాట. ఇల్లు చూపిస్తారు, నచ్చితే దిగుతాం."

ఆయన ఒక్క సంగతి తిరగేశాడు. ఇక్కడ దిగేది అమ్మమ్మ కాదు, హోటలు. అమ్మమ్మ ఇల్లు.

మొదటి రిక్రూటరు ఒక చెప్పుల షాపు మీద మేడ గదిలో ఉండే అమ్మాయి. తలకి హెడ్‌సెట్ తగిలించుకుని, రెండు ఫోన్లకి మధ్య ఒక బిస్కెట్ చొప్పున నములుతూ పనిచేసేది. అమ్మమ్మ ఆ అమ్మాయికి అక్కడికక్కడే హెడ్‌సెట్ పిల్ల అని పేరు పెట్టేసింది.

"రండి మామ్మగారూ, కూర్చోండి."

"మామ్మ అని కాగితంలో రాయకు తల్లీ. చూడగానే పక్కన పడేస్తారు."

"రాయనులెండి. మీ రెజ్యూమే తెచ్చారా?"

"అదెందుకు? నేనే వచ్చానుగా."

హెడ్‌సెట్ పిల్ల నవ్వాపుకోలేక బిస్కెట్ పొడి కీబోర్డు మీద ఊదేసింది. అమ్మమ్మ వెంటనే కొంగుతో తుడిచేసింది. ఆ తుడవడంతోనే ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది. అడిగిందానికల్లా జవాబు చెప్పించుకుని, ఆ అమ్మాయి తనే ఒక రెజ్యూమే తయారుచేసింది. చివర్లో హెడ్‌సెట్ మెడ మీదికి దించి మాట్లాడింది.

"మామ్మగారూ, ఒక మాట. నాకు ఫీజిచ్చేది హోటల్ వాళ్లు, మీరు కాదు. వాళ్లకి కావాల్సిన మనిషిని వెతకడం నా పని. ఆ మనిషి మీరే అయితే ఇద్దరం బాగుపడతాం. అంచేత నా దగ్గర ఏదీ దాచకండి. నాకు తెలియంది వాళ్లకి ముందు తెలిస్తే నా మాట పోతుంది, మీ పని పోతుంది. మిమ్మల్ని వంతెన దగ్గర కొత్త హోటల్‌కి పంపుతున్నాను. ఇంకెవరి దగ్గరికైనా వెళ్లారా?"

"లేదు."

"వెళ్తే మాత్రం ముందు నాతో చెప్పండి."

"అలాగే తల్లీ," అంది అమ్మమ్మ. అన్నమాట నిజమే. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అంది.

కానీ ఆవిడ బుర్రలో నేలమాళిగ నడుస్తోంది. లాండ్రీలో బాయిలరు మొరాయిస్తే అమ్మమ్మ ఇంజనీరుకి చెప్పేది. ఇంజనీరు హెల్పరుకీ చెప్పేది. వాళ్లిద్దరి పైనున్న మేనేజరుకీ చెప్పేది. ఒకడు మర్చిపోయినా, ఒకడు బద్ధకించినా మూడోవాడు వచ్చి బిగిస్తాడు. ఆ పద్ధతితోనే ఆ గదిని అన్నేళ్లు నడిపింది. మనిషి సంగతి మాత్రం బాయిలరులా మూడు చోట్ల చెప్పకూడదని ఆవిడకి ఎవరు చెప్తారు? నిజానికి చెప్పారు. హెడ్‌సెట్ పిల్ల చెప్పింది. అమ్మమ్మే ఆ మాటని చక్కగా మడతపెట్టి అవతల పెట్టేసింది.

రెండో రిక్రూటరు టై బాబు. చల్లటి ఏసీ గది, గోడల నిండా పళ్లు కనిపించేలా నవ్వుతున్న మనుషుల ఫొటోలు. మనిషిని చూడకముందే టై కనిపిస్తుంది, అంత వెడల్పు. కాఫీ తెప్పించాడు. "మీలాంటివాళ్లు మా దగ్గరికి రావడమే మా అదృష్టం మేడం," అన్నాడు. అన్నేళ్లలో ఆ పాత హోటల్‌లో ఒక్కడూ ఆవిడతో అదృష్టం అనే మాట వాడలేదు.

"ఎక్కడికి పంపుతున్నావు బాబూ?"

"పేరున్న చోటు మేడం. పేరు మాత్రం చెప్పకూడదు. మా రూలు."

పేరు చెప్పని పేరున్న చోటేమిటని ఇంకోసారి అడగాల్సింది. కాఫీ బాగుంది. అడగలేదు.

మూడోది మనిషి కాదు, గొంతు. తాతయ్యతో పనిచేసిన పాత కండక్టరు ఎవరో నంబరిచ్చాడు. ఫోన్ చేస్తే వెనకాల రోడ్డు మీద హారన్లు, మధ్యలో గొంతు. "ఆఁ చెప్పండి. లాండ్రీయా? పంపిస్తా. వయసు? సర్లెండి, నేను చూసుకుంటా. జీతం ఎంత తక్కువైనా పర్లేదు కదా? ఆఁ, పంపిస్తా పంపిస్తా." అమ్మమ్మ "పర్లేదు" అనేసింది. టై బాబు ముందు కాఫీ తాగిన ధీమాలో జీతం ఎక్కువ చెప్పిన సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

ముగ్గురికీ చెప్పేశాక అమ్మమ్మ ప్రాణం కుదుటపడింది. ఎవడో ఒకడు బిగిస్తాడు.

వారం తిరక్కుండా ఫోన్ మోగింది. హెడ్‌సెట్ పిల్ల.

"మామ్మగారూ, మీరు ఎంతమంది?"

"ఎక్కడ, ఇంట్లోనా? నేనూ ఆయనా, ఇద్దరం."

"ఇంట్లో కాదు. హోటల్ వాళ్ల బల్ల మీద. అక్కడ మీరు ముగ్గురున్నారు!"

అమ్మమ్మ ఫోన్‌ని రెండో చెవికి మార్చుకుంది.

"నేను పంపిన ఆవిడ లాండ్రీ హెడ్. ఇంకొకాయన పంపిన ఆవిడ లినెన్ ఆపరేషన్స్ లీడరట, ఆవిడ జీతం ఆకాశంలో ఉంది. మూడో ఆవిడ మీకంటే పదేళ్లు చిన్నది, ఎంతిచ్చినా సరేనట. పేరొకటే, ఫోన్ నంబరొకటే. అక్కడ మనుషుల్ని తీసుకునే మేడం మూడు కాగితాలూ కలిపి పిన్ను కొట్టి పక్కన పెట్టేసింది."

"ఎందుకే? మూడూ నేనేగా. ఏదో ఒకటి తీసుకోవచ్చుగా."

"ఏది తీసుకున్నా మిగతా ఇద్దరు రిక్రూటర్లూ మా మనిషే, మా ఫీజు మాకివ్వండని గొడవకొస్తారు. ఆ తలనొప్పి ఎందుకని అసలు మనిషినే వద్దనుకుంటారు. పైగా ఏ కాగితం నిజమో ఆవిడకెలా తెలుస్తుంది? వెళ్తే చెప్పమన్నానా, లేదా?"

"అన్నావు."

"మరి?"

అమ్మమ్మ ఫోన్ పెట్టేసింది. వంటింట్లోకి వెళ్లి, "నేను తక్కువై కాదుట, ఎక్కువై వద్దన్నారుట," అని తనలో తానే అనుకుంది.

తాతయ్య ఊరుకుంటాడా? "ఇన్నాళ్లూ ఒక్కదానివే అనుకుని వణికిపోయానే. ముగ్గురని ముందే తెలిసుంటే డిపోలోనే పడుకునేవాణ్ని."

అమ్మమ్మ నవ్వలేదు. అప్పుడు తాతయ్యకి విషయం తలకెక్కింది. గడువు ముంచుకొస్తోంది. ఆ రోజు పొద్దున్నే మా అమ్మ ఫోన్ చేసి, వెనక గదికి కర్టెన్లు ఏ రంగువి కొనాలని అడిగింది. కర్టెన్లూ వచ్చేశాయంటే ఇక అమ్మమ్మ అక్కడ కూర్చోవడమొక్కటే మిగిలినట్టు.

"పోనీ నేరుగా ఆ మేడం దగ్గరికే వెళ్లి, ఇదీ సంగతని చెప్పేస్తే?" అన్నాడు తాతయ్య.

అమ్మమ్మకీ అదే నచ్చింది. మంచి చీర కట్టుకుంది, చెప్పులేసుకుంది, బస్‌స్టాపుదాకా వెళ్లింది. బస్సు వచ్చింది. ఎక్కబోతూ ఆగింది. ముందోసారి ఆ పిల్లకి చెప్పకుండా చేసిన పని ఎలా తగలడిందో చూసింది కదా. బస్సుని పోనిచ్చి ఫోన్ తీసింది.

"తల్లీ, ఇప్పుడు చెప్పి చేద్దామని ఫోన్ చేశాను. హోటల్‌కి నేనే వెళ్లిపోనా?"

అవతల ఒక బిస్కెట్ నమలడం ఆగిపోయింది. "వెళ్లకండి! నన్ను దాటి వెళ్తే నేనింక మీ తరఫున నోరెత్తలేను. ఎక్కడున్నారు? బస్‌స్టాపులోనా? అక్కడే కూర్చుని వినండి. మీ కాగితం ముందు పంపింది నేను, తేదీ ఉంది. మిగతా ఇద్దరూ వెనక్కి తీసుకుంటున్నామని హోటల్‌కి రాస్తే మీరు మళ్లీ ఒక్కరవుతారు. వాళ్లనడగాల్సింది నేను కాదు, మీరు."

టై బాబు ఆఫీసులో ఈసారి కాఫీ రాలేదు. అమ్మమ్మ లోపలికి వెళ్లేసరికి అతను ఫోన్‌లో ఎవరినో బతిమాలుతున్నాడు. "ఆస్పత్రి లాండ్రీకి ఇస్త్రీ మనుషులు ఎక్కడ దొరుకుతారు సార్, ఊరంతా గాలిస్తున్నాను," అని. ఫోన్ పెట్టేసి సంగతి విన్నాడు. వింటున్నకొద్దీ మేడం కాస్తా అమ్మా అయింది.

"అంటే నేను పడ్డ కష్టమంతా గంగలో కలిసినట్టేనామ్మా?"

"తప్పు నాది బాబూ. ఇంకోచోట ఇచ్చానని నీకు చెప్పలేదు. ఎక్కడికి పంపుతున్నావో గట్టిగా అడగనూ లేదు. నువ్వు వెనక్కి తీసుకోకపోతే అక్కడ నాకూ రాదు, నీకూ రాదు."

"తీసుకుంటే నాకొచ్చేదేంటి?"

అమ్మమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. పాత హోటల్‌లో తనతో పనిచేసిన ఇస్త్రీవాళ్లు ఇప్పుడు ఇళ్లల్లో గోళ్లు గిల్లుకుంటున్నారు.

"నీకు ఇస్త్రీ మనుషులు కావాలా? ఉన్నారు. చేతుల్లో ప్రాణం పెట్టి పనిచేసేవాళ్లు."

టై బాబు కుర్చీలో ముందుకి జరిగాడు. "నంబర్లివ్వండి మేడం!"

"ఇవ్వను."

"అదేంటి మేడం!"

"ముందు వాళ్లని అడగాలి. ఎక్కడ పనో, ఏ ఆస్పత్రో నువ్వు పేరు పెట్టి చెప్పు, నేను వాళ్లకి చెప్తాను. ఇష్టమన్నవాళ్ల నంబర్లు నీకొక్కడికే ఇస్తాను. వాళ్లు వేరే ఎవరికైనా ఇచ్చారేమో కూడా కనుక్కుని ఇస్తాను. ఒకటి చేసి చూపించానుగా, చాలు."

టై బాబుకి వచ్చిన నవ్వు గోడ మీది ఫొటోల్లోలాంటిది కాదు, నిజంది. కాగితం వెనక్కి తీసుకుంటున్నట్టు అక్కడే కూర్చుని హోటల్‌కి రాసేశాడు. కాఫీ కూడా వచ్చింది.

ఇక మిగిలింది గొంతు. ఎన్నిసార్లు చేసినా ఎత్తడు. ఎత్తినా హారన్లు తప్ప గొంతుండదు. అమ్మమ్మ బతిమాలడానికి, అవసరమైతే దెబ్బలాడటానికి కూడా మాటలు తయారుచేసుకుంది. చివరికి ఒక మధ్యాహ్నం దొరికాడు.

"ఎవరు? లాండ్రీయా? ఏ లాండ్రీ? నేను పంపానా? ఓహో. సర్లెండి, తీసేస్తా." టక్కున పెట్టేశాడు. అన్నట్టే తీసేశాడు కూడా.

అమ్మమ్మకి అవమానం తన్నుకొచ్చింది. "నేనెవరో కూడా గుర్తులేదుటండీ! పదేళ్లు వయసు తగ్గించినవాడు పది రోజులు గుర్తుపెట్టుకోలేడా?"

"ఆ మొదటిది చేసినందుకైనా వాణ్ని క్షమించేయవే," అన్నాడు తాతయ్య.

అమ్మమ్మ మళ్లీ ఒక్కతే అయింది. హెడ్‌సెట్ పిల్ల హోటల్ మేడంకి జరిగింది జరిగినట్టు చెప్పి, ఇంటర్వ్యూకి సమయం పుచ్చుకుంది. అమ్మమ్మని పిలిచి కూర్చోబెట్టి నూరిపోసింది. పాత యజమానిని తిట్టొద్దు. వచ్చింది వచ్చనండి, రానిది రాదనండి. జీతం మాటెత్తితే నా పేరు చెప్పండి, ఆ బేరం నాకు వదిలేయండి. అయిపోగానే బయటికొచ్చి ఫోన్ చేసి, ఏమడిగారో ఏం చెప్పారో నాకు పూసగుచ్చినట్టు చెప్పండి.

ఇంట్లో రిహార్సల్ జరిగింది. తాతయ్య పాత డ్రైవరు టోపీ పెట్టుకుని హోటల్ మేడం అయ్యాడు.

"మీ బలహీనత ఏమిటి?"

"మీరే."

"అలా అనకూడదే!"

"రానిది రాదనమంది, ఉన్నది ఉందనమంది. ఉన్నారుగా."

అసలు ఇంటర్వ్యూ అద్దాల గదిలో జరిగింది. గుండ్రంగా తిరిగే కుర్చీ ఇచ్చారు. అమ్మమ్మ అది తిరక్కుండా రెండు కాళ్లూ నేలకి అదిమిపెట్టి కూర్చుంది. మేడం కళ్లద్దాలు పైకి తోసుకుని చూసింది.

"ముగ్గురిలో ఎవరొచ్చారు?"

"అసలుదాన్ని నేనేనండీ. మిగతా ఇద్దర్నీ పంపించేశాను." మేడం నవ్వకపోయేసరికి అమ్మమ్మ గొంతు సవరించుకుంది. "పద్ధతి తెలియక మూడు చోట్ల ఇచ్చాను. ఆ అమ్మాయి ముందే చెప్పింది, నేనే వినలేదు. మీకు తలనొప్పి తెచ్చాను. వయసు మొదటి కాగితంలోదే నిజం."

"మీ కింద మనిషి ఇలా చెప్పింది వినకుండా చేస్తే ఏం చేస్తారు?"

"తిడతాను. తర్వాత టీ ఇప్పిస్తాను. తర్వాత నాతోపాటే నిలబెట్టి మళ్లీ నేర్పిస్తాను."

"మా మెషిన్లన్నీ తెర మీద వేలితో నొక్కి నడిపేవి. వచ్చా?"

"రాదండీ," అంది అమ్మమ్మ. అని ఆగింది. ఆ పనికోసం ఎంత తహతహలాడుతోందో ఆవిడకే తెలుసు. అయినా కొంచెం వచ్చనలేదు, చూశాననలేదు. "నేర్పితే నేర్చుకుంటాను. మొదట్లో ఆలస్యమవుతుంది."

మేడం ఏదో రాసుకుంది. జీతం ఎంత కావాలంది. అమ్మమ్మ హెడ్‌సెట్ పిల్ల పేరు చెప్పింది. మేడం అప్పుడు మాత్రం పెదవి చివర నవ్వింది.

బయటికొచ్చి ఫోన్‌లో అంతా పూసగుచ్చింది. తెరల మాట దగ్గర హెడ్‌సెట్ పిల్ల "అయ్యో" అంది. "ఫర్లేదులెండి, నేను మాట్లాడతాను. మెషిన్లు అమ్మినవాళ్లే వచ్చి నేర్పుతారు, ఆవిడకి గుర్తుచేస్తాను," అని ఆ అమ్మాయి పెట్టేసింది.

తర్వాత మూడు రోజులు అమ్మమ్మ ఏదీ మడతపెట్టలేదు. తాతయ్య కావాలని పేపరు నేలంతా పరిచాడు. ముట్టుకోలేదు. అది చూసి ఆయనకి నిజంగా భయమేసింది. కర్టెన్లు నీలం రంగువి కొన్నట్టు మా అమ్మ కబురు పెట్టింది.

నెలాఖరుకి ముందురోజు ఫోన్ మోగింది.

"మామ్మగారూ, నిన్న ఆ మేడంతో చాలాసేపు మాట్లాడాను. ఆవిడ ఏమందంటే..."

"అవునో కాదో ముందు చెప్పి తర్వాత కథ చెప్పు తల్లీ. నా వయసుకి సస్పెన్సులు పడవు."

"అవును! సోమవారం నుంచి రమ్మన్నారు. మూడు నెలలు చూస్తారు, ఆ తర్వాత ఖాయం చేస్తారు. రాదు అన్నారట కదా, అది ఆవిడకి నచ్చింది. అప్పటిదాకా వచ్చినవాళ్లందరికీ అన్నీ వచ్చట."

అమ్మమ్మ ఫోన్ పెట్టేసింది. నేల మీది పేపర్లన్నీ ఏరి, దులిపి, చకచకా మడతపెట్టింది. తాతయ్య అడ్డుకోలేదు. ఆయన ఇంకా చదవలేదు పాపం.

ఇప్పుడు అద్దాల హోటల్ నేలమాళిగ మడతల మేడందే. తెరలు నొక్కడం వచ్చింది, అయితే గట్టిగా నొక్కుతుందని అక్కడివాళ్ల ఫిర్యాదు. ఆస్పత్రి ఇస్త్రీకి చేరినవాళ్లు టై బాబు దగ్గర అమ్మమ్మ పేరు చెప్పుకుని కాఫీ తాగి వస్తుంటారు. పని వెతుక్కునేవాళ్లెవరైనా సెలవురోజు ఆవిడ వంటింట్లో తేలతారు. రిక్రూటరు దగ్గరికి వెళ్తున్నామంటే చాలు, అమ్మమ్మ గరిటె తిప్పుతూనే అందుకుంటుంది. "ఏ చోటికి పంపుతున్నావని అడక్కుండా కాగితమియ్యకు. నిన్ను డబ్బడిగితే లేచొచ్చేయ్, వాడు రిక్రూటరు కాదు. ఇంకోచోట ఇచ్చుంటే నోరు విప్పి చెప్పు. మంచి రిక్రూటరు దొరికితే పని దొరికాక కూడా ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడుగు." ఆవిడ మాత్రం అడుగుతుంది. నెలకోసారి హెడ్‌సెట్ పిల్లకి బిస్కెట్ పొట్లం పట్టుకెళ్తుంది, కీబోర్డు కూడా తుడిచి వస్తుంది.

వెనక గదికి నీలం కర్టెన్లు అలాగే ఉన్నాయి. ఇప్పుడా గదిలో పడుకునేది నేనే. పని లేనివాళ్లకి అది బాగా పనికొస్తుంది. అందుకే ఇదంతా రాసి అమ్మమ్మకి చదివి వినిపించి, ఆవిడ మెత్తబడిందనుకున్న చోట ఆపి, "అమ్మమ్మా, నా గురించి కూడా ఆ హెడ్‌సెట్ అక్కకి ఒక మాట చెప్పవా?" అన్నాను.

"చెప్పను," అంది అమ్మమ్మ. "నీకేం వచ్చని అడుగుతుంది. ఆ పిల్ల దగ్గర నేను అబద్ధం ఆడను. నువ్వే వెళ్లు, రానిది రాదని చెప్పు. వెళ్లేముందు గడ్డం గీసుకో."